గ్యాసే అనుకున్నాను

పదో తరగతి పిల్లలకి జీర్ణవ్యవస్థ పాఠం చెప్పే ప్రతిసారీ నల్లబల్ల మీద పేగుల బొమ్మ గీసేవాణ్ని. చిన్నపేగు వెళ్లి పెద్దపేగులో కలిసే చోట, కుడివైపు అడుగున, చిటికెనవేలంత తోక ఒకటి వేలాడదీసి దాని పక్కన ఉండుకం అని రాసేవాణ్ని. అపెండిక్స్ అంటే ఇదేనర్రా అనేవాణ్ని. అది వాస్తే నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి దిగుతుందో కూడా చెప్పేవాణ్ని. ఉద్యోగం చేసినన్నాళ్లూ చెప్పాను. రిటైరయ్యాక అదే తోక నా కడుపులో వాచి, చీముపట్టి, పగిలిపోతుంటే దానికి గ్యాసని పేరుపెట్టి ఇంట్లో పడుకున్నాను. తెలియక చేసిన పని కాదు నాది. తెలిసినదాన్ని పక్కకి నెట్టేసి చేసిన పని. అందుకే దాచకుండా రాస్తున్నాను.

మా తోడల్లుడి కొత్తింట్లో గృహప్రవేశం భోజనం. బూరెలు, పులిహోర, గోంగూర, గుత్తివంకాయ. అందరితోపాటే తిన్నాను. రాత్రి పడుకోబోయే వేళకి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేని నొప్పి. అరచెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాల్సి వచ్చింది. నేరం బూరెల మీద మోపాను. వాము నమిలి వేడినీళ్లు తాగాను. మా ఆవిడ ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసింది. గ్యాసు పొడి నీళ్లలో కలుపుకుని తాగాను. అర్ధరాత్రి దాటాక వాంతయింది. అరగనిది బయటికి పోయింది, ఇక తేలికపడుతుంది అన్నాను.

తిన్నది పడకపోతే సాధారణంగా ముందు వాంతులో విరేచనాలో పట్టుకుంటాయి, నొప్పి వాటి వెంట వస్తుంది. ముందు నొప్పి వచ్చి, కొన్ని గంటల తర్వాత వాంతి అయితే లోపల ఏదో అవయవం చిక్కులో పడిందని అనుమానించాలి. ఈ వరస నాకు కొత్తది కాదు. పైగా అదే భోజనం చేసిన ఇంకెవరికీ ఏమీ కాలేదని మా ఆవిడ ఫోన్లు చేసి కనుక్కుని మరీ చెప్పింది. నాది మెత్తటి కడుపు అని సమాధానం చెప్పాను.

తెల్లారేసరికి నొప్పి బొడ్డు వదిలి కుడివైపు కిందికి దిగింది. ఇప్పుడు వేలు పెట్టి చూపించగలను. తుంటి ఎముక ముందుకి పొడుచుకొచ్చే చోటునుంచి బొడ్డుకి గీత గీస్తే, ఎముక వైపునుంచి మూడో వంతు దూరంలో ఉండే చోటు. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో గుర్తించిన చోటు అదే. నేనేమన్నానో తెలుసా? ‘చూశావా, నొప్పి కదులుతోంది. కదిలేది గ్యాసు కాకపోతే ఇంకేమిటి?’ అన్నాను. నా మూర్ఖత్వం అంతా ఈ ఒక్క మాటలో ఉంది. అపెండిక్సుని పట్టించే గుర్తు ఆ కదలికే. దాన్నే నేను గ్యాసుకి సాక్ష్యంగా నిలబెట్టాను.

నొప్పి ఎందుకు కదులుతుందో చెప్పుకోవాలి. ఆ తోకలో గట్టిపడిన మలం ముక్క అడ్డుపడో, గోడలోని కణజాలం వాచో దారి మూసుకుపోతుంది. లోపల ఊరే ద్రవానికి పోయే దారి ఉండదు. తోక ఉబ్బుతుంది. పేగులనుంచి కబురు మోసే నరాలు చోటుని కచ్చితంగా చెప్పలేవు. అపెండిక్సు నరాలూ బొడ్డు దగ్గరి చర్మపు నరాలూ వెన్నుపాములో ఒకే మెట్టు దగ్గర చేరతాయి కాబట్టి మెదడు దాన్ని బొడ్డు నొప్పి అనుకుంటుంది. వాపు పెరిగి, కడుపు గోడకి లోపలివైపున్న పెరిటోనియం అనే పొరని తాకినప్పుడు ఆ పొర నరాలు అసలు చోటు చెబుతాయి. సాధారణంగా పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లోపు ఈ మార్పు వస్తుంది. అందరిలోనూ ఇలాగే జరగదు. అరవై దాటినవాళ్లలో గుర్తులు మందంగా ఉంటాయి, పగిలిపోవడం మాత్రం ఎక్కువ. నా విషయంలో గుర్తులు మందంగా కూడా లేవు. పాఠం చెప్పినట్టే వచ్చాయి.

స్కూటరు మీద మందుల షాపుకి వెళ్లాను. స్పీడు బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా కుడివైపు కత్తితో పొడిచినట్టయింది. రోడ్డుని తిట్టాను. దగ్గితే అదే నొప్పి. ఇంటికొచ్చి పడుకుంటే కుడికాలు చాపలేక మోకాలు మడిచి పెట్టుకున్నాను. పెరిటోనియం వాచిన మనిషిని ఏ కుదుపైనా బాధపెడుతుంది. అందుకే కదలకుండా, కాలు ముడుచుకుని పడుకుంటాడు. ఆకలి పూర్తిగా చచ్చింది. లంకణం మంచిదేలే అనుకున్నాను. ఒళ్లు వెచ్చబడింది. పైత్యం అన్నాను.

షాపులో చీటీ లేకుండా తెచ్చుకున్న నొప్పి మాత్రలు వేసుకుంటే కాస్త కునుకు పట్టింది. లేచేసరికి మళ్లీ నొప్పి. మళ్లీ మాత్ర. సాయంత్రం ఆముదం తాగాను. మా అమ్మ ఉన్నప్పుడు కడుపులో ఏ తేడా వచ్చినా ఆముదమే పట్టించేది, ఆ నమ్మకం. వాచి బిగిసిన అపెండిక్సు ఉన్నప్పుడు విరేచనం మందు వేస్తే పేగులు గట్టిగా పిండుకుంటాయి, అది పగిలే ప్రమాదం పెరుగుతుంది. పాతకాలం సర్జన్లు కూడా కారణం తెలియని కడుపునొప్పికి విరేచనం మందు ఇవ్వొద్దని గట్టిగా చెప్పేవారు. అమ్మని తప్పుపట్టను. ఆమె కాలంలో మా ఊరికి డాక్టరు లేడు. నాకు వీధి చివరే ఆసుపత్రి ఉంది.

మరి ఎందుకు వెళ్లలేదు? మంచాన పడి ఉన్నప్పుడు ఈ ప్రశ్నే ఎక్కువ వేధించింది. డబ్బుకి వెనకాడలేదు. తెలియకా కాదు. భయం. నా చిన్నతనంలో మా పెదనాన్న ఇరవైనాలుగు గంటల కడుపునొప్పితో పోయాడు. అపెండిక్సుని మా ఊళ్లో ఆ పేరుతోనే పిలిచేవారు, వస్తే ఒక పగలూ ఒక రాత్రీలో మనిషి పోతాడని చెప్పుకునేవారు. ఎద్దుబండి మీద గడ్డి పరిచి, దుప్పటి కప్పి, గుంటూరు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. బండి వెనక్కి తిరిగి ఊళ్లోకి రావడం నేను చూశాను. ఆ జబ్బు పేరు పిల్లలకి వందల సార్లు చెప్పగలిగాను గానీ, నా కడుపు మీద చెయ్యేసి చెప్పుకోలేకపోయాను. గ్యాసు అన్న మాట నాకు మందులా పనిచేసింది. ఆ మాట అన్నంతసేపూ పెదనాన్న బండి గుర్తుకు రాదు.

ఆ భయమే ఇంకో చెడు పని కూడా చేయించింది. రెండో రాత్రి, నొప్పి మొదలై ఒక రోజు నిండాక, ‘ఇరవైనాలుగు గంటలు దాటింది, నేను బతికే ఉన్నాను, కాబట్టి ఇది ఆ నొప్పి కాదు’ అని లోపల సంతోషపడ్డాను. జబ్బుకి గడియారం ఉండదు. కొందరికి ఒక రోజులోపే పగులుతుంది, కొందరికి రెండు మూడు రోజులు పడుతుంది. కొందరిలో పేగులూ కొవ్వు పొరా చుట్టూ అతుక్కుని గడ్డలా మూసేస్తాయి. గడువు దాటిందంటే జబ్బు లేదని అర్థం కాదు. జబ్బు ముదురుతోందని అర్థం.

ఆ రాత్రి మా ఆవిడ పదేపదే లేచి వచ్చి చూసింది. అబ్బాయికి ఫోను చేస్తానంటే కసురుకున్నాను. ‘నాకు తెలియదా? నువ్వు నాకు సైన్సు చెప్తావా?’ అన్నాను. ఆమె ఏడుస్తూ పక్క గదిలోకి వెళ్లింది. తర్వాత మళ్లీ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నేను మెలకువగానే ఉన్నాను. నిద్రపోతున్నట్టు నటించాను. పలికితే ఫోను చేస్తుందని. నిద్రపోతున్నాననుకుని వెళ్లి పడుకుంది. ఈ సంగతి ఆమెకి ఇక్కడ చదివితేనే తెలుస్తుంది. ఆముదం తాగినందుకు కన్నా దీనికి నేను ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

తెల్లవారుజామున నొప్పి ఉన్నట్టుండి పోయింది. తగ్గుతూ తగ్గుతూ కాదు, తీసేసినట్టు పోయింది. లేచి కూర్చున్నాను. మొహం కడుక్కుని కాఫీ తాగాను. రెండు ఇడ్లీలు తిన్నాను. ‘చెప్పానా?’ అని మా ఆవిడ వైపు చూశాను. నిజానికి అప్పుడే అపెండిక్సు పగిలింది. ఉబ్బి బిగిసినది చిల్లుపడేసరికి లోపలి ఒత్తిడి దిగిపోయి కొంతసేపు నొప్పి ఆగింది. ఆ చీమూ మలపు సూక్ష్మజీవులూ కడుపంతా పాకడానికి కొన్ని గంటలు పట్టింది. మధ్యాహ్నానికి కడుపు మొత్తం చెక్కలా బిగుసుకుంది, చలిజ్వరం, నాలుక పిడచగట్టింది, మూత్రం దాదాపు ఆగిపోయింది. భోజనం వేళకి వచ్చిన మా బావమరిది కడుపు మీద చెయ్యి వెయ్యగానే నేను కేక పెట్టాను. అతను ఇక నన్ను ఏమీ అడగలేదు. 108కి ఫోను చేశాడు.

ఆసుపత్రిలో నన్ను చూసిన సర్జను మా అమ్మాయి ఈడు మనిషి. మునివేళ్లతో కడుపు నొక్కి, ఒక్కసారిగా చెయ్యి తీసింది. నొక్కినప్పటికన్నా తీసినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. ‘మాస్టారూ, ఈ రెండు రోజుల్లో ఏమేం మందులు వేసుకున్నారు? ఆఖరున ఎప్పుడు తిన్నారు?’ అని అడిగింది. ‘ఏమీ వేసుకోలేదమ్మా. నిన్ననుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు’ అన్నాను. అబద్ధం. నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషిని కదా, ఆముదం తాగానని ఆ పిల్లకి చెప్పడానికి నోరు రాలేదు.

మా ఆవిడ చేతిసంచిలోంచి ఖాళీ మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఆముదం గురించీ పొద్దున్న ఇడ్లీల గురించీ చెప్పింది. సర్జను నన్ను తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఆపరేషను బల్ల మీదే ప్రాణం మీదికి వస్తుందట. తిన్నామని తెలిస్తే మత్తు డాక్టరు దానికి తగ్గ జాగ్రత్త పడతారు. ఒంట్లో నీళ్లు ఎండిపోయిన స్థితిలో ఆ నొప్పి మాత్రలు కిడ్నీలని దెబ్బతీస్తాయి, నా రక్తపరీక్షలో క్రియాటినిను అప్పటికే పెరిగి ఉంది. అంతా చెప్పి, తనే నొప్పి తగ్గే ఇంజక్షను వేయించింది. నేను తెల్లబోయాను. నొప్పి తెలియకుండా చేస్తే జబ్బు కనిపెట్టలేరని చదివాను కదా అన్నాను. అది పాత మాట, ఆసుపత్రిలో పరీక్ష చేస్తూ ఇచ్చే మందు జబ్బుని దాచదని తర్వాతి పరిశోధనల్లో తేలింది, రోగి అల్లాడాల్సిన పని లేదు అంది. ఇంట్లో మాత్ర మింగి డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం వేరు, ఇది వేరు.

సెలైన్లు, యాంటీబయోటిక్ ఇంజక్షన్లు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం, స్కాను, ఆ వెంటనే ఆపరేషను. పొట్ట నడిమికి నిలువుకోత కోసి, కుళ్లిన అపెండిక్సు తీసి, చీము కడిగి, పక్కన గొట్టం పెట్టారు. మొదటి రోజే వెళ్లి ఉంటే మూడు చిన్న రంధ్రాలతో అయిపోయేది. అంతకన్నా తేలిక దారి కూడా ఉండి ఉండవచ్చు. పగలని, చిక్కుల్లేని అపెండిసైటిస్‌కి యాంటీబయోటిక్‌లతోనే వైద్యం చేసి చూసిన ఫిన్లాండు డాక్టర్ల అధ్యయనం 2015లో వచ్చింది. అలా వైద్యం పొందిన ప్రతి వందమందిలో సుమారు 27 మందికి ఏడాదిలోపు ఆపరేషను తప్పలేదు, ఐదేళ్లకి ఆ సంఖ్య 39 దాకా పెరిగింది. మిగిలినవాళ్లకి కత్తి అవసరం పడలేదు. ఏ దారి మంచిదో డాక్టరుతో కూర్చుని ఆలోచించుకునే అవకాశం అది. నేను దాన్ని వాముతోనూ ఆముదంతోనూ పోగొట్టుకున్నాను.

వార్డులో నా చుట్టూ ఉన్నవాళ్లని చూస్తుంటే కడుపునొప్పి అన్న ఒక్క మాట కింద ఎన్ని జబ్బులు తలదాచుకుంటాయో అర్థమైంది. ఎడమపక్క మంచం మీద మిరపకాయల యార్డులో బస్తాలు మోసే మనిషి. మోకాళ్ల నొప్పులకి నెలల తరబడి పరగడుపున మాత్రలు మింగాడు. పొద్దున్న బస్తా ఎత్తుతుండగా గుండెల కింద పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చి కూలబడ్డాడట. కడుపులో పుండు చిల్లుపడింది. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రం పొర అడుగున గాలి కనిపించింది, అది చిల్లుకి గుర్తు. వెంటనే తెచ్చారు కాబట్టి కొవ్వు పొరతో చిల్లు మూసి కుట్టేశారు. ఎదురు మంచం కుర్రాడు తాగుడు వల్ల పాంక్రియాసు వాచి వచ్చాడు. నొప్పి వెన్నులోకి దూసుకుపోతోందని ముందుకి వంగి దిండు వాటేసుకుని కూర్చునేవాడు. అతనికి కత్తి పెట్టలేదు, సెలైన్లు ఎక్కించి కాపలా కాశారు. పిత్తాశయంలో రాళ్లు జారినా అదే జబ్బు వస్తుందని, తాగని ఆడవాళ్లలో కూడా చూస్తామని నర్సమ్మ చెప్పింది. కిడ్నీలో రాయి ఉన్న ఆయన ఒక్కచోట నిలవలేక వార్డంతా తిరిగేవాడు. నడుమునుంచి గజ్జల్లోకి దిగే నొప్పి అది. నేనూ యార్డు మనిషీ ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా భయపడి కొయ్యల్లా పడుకున్నాం. పొర్లుతున్నాడా, బిగుసుకుపోయి ఉన్నాడా అని చూస్తేనే డాక్టరుకి సగం తెలుస్తుందట.

ఆడవాళ్ల విషయంలో సర్జను మొదట అడిగే ప్రశ్న నెలసరి తేదీ. గర్భం గర్భసంచిలో కాకుండా గొట్టంలో నిలిచి, ఆ గొట్టం చిరిగితే కడుపులోకే రక్తం పోతుంది. పైకి ఒక చుక్క కనిపించకుండానే మనిషి తెల్లగా పాలిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. పెళ్లికాని పిల్లని ఆ మాట ఎలా అడుగుతాం అని మన ఇళ్లలో మొహమాటపడతాం. ఆ పరీక్ష ఒక చిన్న మూత్రపరీక్ష. ప్రాణం కన్నా మొహమాటం పెద్దది కాకూడదు. వానాకాలంలో నేలమీద పడుకున్న రైతుకూలీ తెల్లవారుజామున కారణం లేని కడుపునొప్పితో లేచి, తర్వాత కనురెప్పలు వాలిపోతుంటే కట్లపాము కాటేమో అని కూడా చూడాలట. ఆ కాటు గుర్తు ఒంటి మీద కనపడకపోవచ్చు.

మా పాత హెడ్మాస్టరు గారి సంగతి ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. ఒక రాత్రి గుండెల కింద పట్టేసినట్టుంది, చెమటలు పోస్తున్నాయి అంటే, నేనే పక్కనుండి సోడా తెప్పించి తాగించాను. గ్యాసండీ, తేన్పు వస్తే పోతుంది అన్నాను. తేన్పు వచ్చింది. తెల్లవారకముందే ఆయన పోయారు. గుండె అడుగుభాగానికి రక్తం ఆగితే నొప్పి కడుపు పైభాగంలోనే రావచ్చు. చెమట పడుతూ, ఆయాసంతో, పైకడుపులో బరువుగా ఉంటే ముందు ఈసీజీ తీయించాలి. ఇరవై రూపాయల సోడాతో నేను ఆయనకి దక్కాల్సిన గంటలు తినేశాను. ఆయన ఇల్లాలు నన్ను ఎన్నడూ ఒక మాట అనలేదు. నాకైతే అప్పుడే బుద్ధి రావాల్సింది. రాలేదు. అదే మాట నా మీద నేనూ వాడుకున్నాను.

పిల్లలకి నేను ఇష్టంగా చెప్పే కథ ఒకటుండేది. 1961 ఏప్రిల్ చివర, అంటార్కిటికాలోని రష్యన్ల నోవోలాజరెవ్‌స్కయా స్థావరంలో లియోనిద్ రోగొజోవ్ అనే 27 ఏళ్ల డాక్టరుకి అపెండిసైటిస్ వచ్చింది. అక్కడ ఇంకో డాక్టరు లేడు. మంచు తుఫానులో విమానం రాదు. డ్రైవరు, వాతావరణ శాస్త్రవేత్త అద్దం పట్టుకుని పనిముట్లు అందిస్తుంటే, తిమ్మిరి మందు ఇచ్చుకుని తన కడుపు తనే కోసుకుని అపెండిక్సు తీసేసుకున్నాడు. రెండు వారాల్లో పనిలో చేరాడు. ఆయన ధైర్యాన్ని చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించేవాణ్ని. మంచం మీద పడుకుని ఆలోచిస్తే ఆ కథలో నేను ఎప్పుడూ గమనించనిది కనిపించింది. ఆయన కోతకి ముందు తన జబ్బు పేరు తనకి తాను చెప్పుకున్నాడు. నాకు వీధి చివర సర్జను ఉండి, వాకిట్లోకి 108 వచ్చే సౌకర్యం ఉండి, చేతకానిది ఆ మొదటి పనే.

సర్ జాకరీ కోప్ అనే ఇంగ్లండు సర్జను 1921లో హఠాత్తుగా వచ్చే కడుపునొప్పుల మీద రాసిన పుస్తకం ఇప్పటికీ వైద్య విద్యార్థులు చదువుతారని మా సర్జను చెప్పింది. అంతవరకూ బాగున్న మనిషికి తీవ్రమైన కడుపునొప్పి వచ్చి ఆరు గంటలు దాటినా తగ్గకపోతే అది చాలావరకు సర్జను చూడాల్సిన జబ్బే అని అందులో ఉందట. ఆరు గంటలూ ఆగాలని కాదు. కడుపు చెక్కలా బిగిసినా, స్పృహ తప్పుతున్నా, రక్తపు వాంతి అయినా, నల్లటి విరేచనం అయినా, గర్భిణికి వచ్చినా ఆరు నిమిషాలు కూడా ఆగకూడదు. ఆ ఆరు గంటలు నాకు మొదటి రాత్రి తెల్లవారకముందే నిండాయి.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా వచ్చి, మాస్టారూ కడుపులో గ్యాసు పట్టింది ఏం వేసుకోమంటారు అంటే నేను మందు పేరు చెప్పను. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది, ముందు నొప్పా ముందు వాంతా, దగ్గితే పొడుస్తోందా అని అడుగుతాను. జవాబులు ఎలా ఉన్నా ఆసుపత్రికి పంపుతాను. కొందరు ఇంతోటిదానికి ఆసుపత్రా అని నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. స్కాను తీస్తే ఏమీ లేదని తేలిందని ఒకాయన వచ్చి, అనవసరంగా డబ్బు ఖర్చుపెట్టించావని నన్ను నలుగురిలో దులిపాడు. అందుకు నాకు కష్టం కలగలేదు.

నా కడుపు మునుపటిలా లేదు. చీము పట్టి తెరిచిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ అతుకుల వల్ల ఎన్నేళ్ల తర్వాతైనా పేగు మెలిపడి దారి మూసుకుపోవచ్చని డిశ్చార్జి రోజున సర్జను చెప్పింది. నొప్పి అలలు అలలుగా వచ్చి, పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతులై, మలమూ వాయువూ రెండూ ఆగిపోతే వెంటనే తీసుకురమ్మంది. ఆ మాటలు నాతో కాదు, మా ఆవిడ వైపు తిరిగి చెప్పింది. ఆమె వాటిని కాగితం మీద రాయించుకుని, ఆసుపత్రి నంబరు వేయించుకుని బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది. అబ్బాయి నంబరు కింద బావమరిది నంబరు కూడా రాసుకుంది. ఆ రోజు వస్తే నేను గ్యాసే అంటానేమో, అన్నా సరే నా మాట వినకుండా ఫోను చెయ్యమని అందరి ముందూ ఆమెతో చెప్పాను.